ఏటీవీ స్టార్ట్ కాక సతాయిస్తోందా? స్పార్క్ ప్లగ్ విప్పి చూసి కారణం కనిపెట్టడం ఇలా

సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. ఎలాగో అందుకున్నా బొటనవేలితో థ్రాటిల్ నొక్కగానే డల్ అయిపోయి ఆగిపోతుంది. సైలెన్సర్‌లోంచి టపటపా శబ్దాలు, పచ్చి పెట్రోల్ వాసన. ఏటీవీ, అంటే మట్టిదారుల్లో తిరిగే లావు టైర్ల నాలుగు చక్రాల బండి, ఉన్నవాళ్లకు ఇది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. చాలామంది వెంటనే కొత్త ప్లగ్ తెచ్చి బిగించేస్తారు. బండి స్టార్ట్ అవుతుంది, పని అయిపోయిందనుకుంటారు. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. ప్లగ్‌కి మసి దానంతటది పట్టదు. పెట్రోలో, ఆయిలో, నీళ్లో, దుమ్మో లోపలికి రాకూడనంత వస్తేనే పడుతుంది. పాత ప్లగ్‌ను పారేసే ముందు దాని మూతిని రెండు నిమిషాలు నింపాదిగా చూస్తే ఆ వచ్చింది ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది.

నేను చెప్పేది ముఖ్యంగా ఫామ్‌హౌస్‌లలో, రిసార్టుల్లో, వికారాబాద్ వైపు అడ్వెంచర్ పార్కుల్లో కనిపించే 110, 125 సీసీ చైనా తయారీ చిన్న ఏటీవీల గురించి. సిలిండర్ ముందుకు పడుకుని ఉండి, గాలికే చల్లబడే కార్బురేటర్ ఇంజిన్ వీటిది. హోండా పాత కబ్ బండి ఇంజిన్ నమూనాలోనే చేస్తారు. కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెద్ద బండ్లకు, టూ స్ట్రోక్ బండ్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను. వీటికి మామూలుగా రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ వెళ్లలేం. ప్రతిసారీ ట్రాలీ ఆటో మాట్లాడాలి. ఈ మాత్రం పని ఇంట్లో ఒకరికైనా వచ్చి ఉంటే ఆ ఖర్చూ టెన్షనూ రెండూ తప్పుతాయి.

ముందు ప్లగ్ జోలికి పోకండి

అసలు కరెంటే రాని బండికి ప్లగ్ విప్పి లాభం లేదు. హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే ఎర్ర కిల్ స్విచ్ ఏ వైపు ఉందో చూడండి. పిల్లల బండి అయితే వెనక లాగితే ఊడే తాడు స్విచ్ కూడా ఉంటుంది. దాని మూత సరిగ్గా కూర్చోకపోయినా ఇంజిన్ తిరుగుతుంది గానీ స్పార్క్ రాదు. పెట్రోల్ ట్యాప్ ఆన్‌లో ఉందా, ట్యాంకులో పెట్రోల్ ఉందా, అది ఎన్నాళ్ల కిందటిది? మూడు నాలుగు నెలలు నిలవ ఉన్న పెట్రోల్‌తో ప్లగ్ ఎంత మంచిదైనా బండి సతాయిస్తుంది.

బ్యాటరీ కూడా చూడండి. సెల్ఫ్ మూలుగుతూ తిరుగుతుంటే ఉన్న కరెంటంతా అదే లాగేస్తుంది. స్పార్క్ పుట్టించే సీడీఐ అనే ఎలక్ట్రానిక్ డబ్బా బ్యాటరీతో నడిచే బండ్లలో అప్పుడు స్పార్క్ బలహీనమవుతుంది, ఇంజిన్ అందుకోదు, కొట్టిన ప్రతిసారీ పెట్రోల్ లోపలికి వెళ్లి ప్లగ్‌ను తడిపేస్తుంది. కాసేపటికి నిజంగానే ప్లగ్ తడిసి ఉంటుంది. తీసి చూసినవాళ్లు ప్లగ్‌నే తప్పుపడతారు. బ్యాటరీ చార్జ్ చేసి చూడటం ముందు చేయాల్సిన పని.

చోక్ సంగతి ఇంకోటి. పొద్దున చల్లటి ఇంజిన్‌కి చోక్ వేసి, స్టార్ట్ అయ్యాక తీయడం మర్చిపోయి సాయంత్రం దాకా తిప్పే బండ్లు చాలా ఉంటాయి. అలాంటి బండి ప్లగ్ నల్లబడితే ఆశ్చర్యం లేదు. లివర్ ఆఫ్ వైపు ఉన్నంత మాత్రాన లోపల చోక్ ఆఫ్ అయినట్టు కాదు. కేబుల్ చోక్ అయితే బురద పట్టి కేబుల్ బిగుసుకుపోయి సగంలో ఆగుతుంది. కార్బురేటర్ దగ్గర చేత్తో కదిలించి చూడండి.

కావలసినవి

ప్లగ్ పానా అన్నింటికన్నా ముఖ్యం. ఈ చిన్న ఇంజిన్లలో ఎక్కువగా 10 మి.మీ. థ్రెడ్ ప్లగ్ ఉంటుంది, దానికి 16 మి.మీ. పానా పడుతుంది. ఎన్‌జీకే వాళ్ల సీ7హెచ్‌ఎస్‌ఏ, బండితో వచ్చే ఏ7టీసీ అనే చైనా ప్లగ్ ఈ కోవవే. 150 నుంచి 250 సీసీ బండ్లలో తరచుగా 12 మి.మీ. థ్రెడ్ ఉన్న డీ8ఈఏ లాంటివి వాడతారు, వాటికి 18 మి.మీ. పానా కావాలి. పక్క సైజుతో సర్దుకుందామని చూడకండి. పానా జారితే తెల్లటి పింగాణీ విరుగుతుంది.

ఫీలర్ గేజ్, పాత టూత్ బ్రష్, శుభ్రమైన గుడ్డ, తెల్ల కాగితం, టార్చి, మల్టీమీటర్ దగ్గర పెట్టుకోండి. వీటితోపాటు పనిచేస్తుందని ఖాయంగా తెలిసిన ఇంకో ప్లగ్ కావాలి. ఈ చివరిది లేకుండా మొదలుపెట్టకండి, కింద చేయబోయే పరీక్షల్లో సగం దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ప్లగ్ చదవాలంటే బండిని ఎలా ఆపాలి

బండి అసలు స్టార్టే కాకపోతే ఈ భాగం వదిలేయండి. నడుస్తూ సతాయించే బండి అయితే మాత్రం ఇది కీలకం. తిప్పి తిప్పి షెడ్డు దాకా వచ్చి, అయిదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, తర్వాత ఆపి ప్లగ్ తీస్తే మీకు కనిపించేది ఆ అయిదు నిమిషాల మసి. అంతకుముందు ఇంజిన్ ఎలా మండిందో దాని కింద కప్పబడిపోతుంది.

బండి బాగా వేడెక్కాక కాస్త ఎగువ ఉన్న ఖాళీ జాగాలో, మనుషులు లేనిచోట, మీరు రోజూ నడిపే వేగంలో ఒకటి రెండు నిమిషాలు నడపండి. అలా నడుస్తుండగానే కిల్ స్విచ్ నొక్కి, థ్రాటిల్ వదిలేసి, బ్రేకుతో మెల్లగా ఆపండి. మళ్లీ స్టార్ట్ చేయకుండా అక్కడే వదిలి చల్లారనివ్వండి. వేడి మీద ప్లగ్ తిప్పడం ప్రమాదం. ప్లగ్ బిగించే సిలిండర్ హెడ్ అల్యూమినియం, దాని మరలు మెత్తగా ఉంటాయి. ఒకసారి థ్రెడ్డింగ్ పోయిందంటే ప్లగ్ ఖర్చుతో పోయేది హెడ్ పనిదాకా వస్తుంది. చెయ్యి ఆనిస్తే కాలనంతగా చల్లబడాలి.

విప్పడం

బండిని న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, తాళం తీసేయండి. ఇప్పుడు ప్లగ్ చుట్టూ చూడండి. బైక్‌కీ ఏటీవీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఏటీవీలో ముందు టైర్లు విసిరే బురదంతా సిలిండర్ హెడ్ మీదే పడుతుంది. ప్లగ్ మొదట్లో ఎర్రమట్టి అట్టగట్టి ఉంటుంది. అలాగే విప్పితే ఆ మట్టి గడ్డలు నేరుగా సిలిండర్‌లో పడతాయి, తర్వాత సిలిండర్ లోపలి గోడ (బోర్) మీద గీతలు పడతాయి. బ్రష్‌తో గీకి, గాలి పంపుతోనో కంప్రెసర్‌తోనో ఊది, తర్వాతే పానా వేయండి.

ప్లగ్ క్యాప్‌ను క్యాప్ పట్టుకునే లాగాలి, వైరు పట్టుకుని లాగితే లోపల ఊడుతుంది. క్యాప్ లోపల టార్చి వేసి చూడండి. తడి, తుప్పు, పచ్చటి చిలుము ఉంటే అక్కడా కరెంట్ కారుతుంది. పానా వేసి అపసవ్యంగా తిప్పండి. మొదట పట్టు వదిలాక వేళ్లతోనే రావాలి. మధ్యలో బిగుసుకుంటే బలం పెట్టకండి. వెనక్కి కాస్త బిగించి, రెండు చుక్కలు ఆయిల్ వేసి, మళ్లీ వదులు చేయండి.

బయటికి తీశాక తుడవకండి, ఊదకండి, పెట్రోల్‌లో ముంచకండి. తెల్ల కాగితం మీద పెట్టి, ఫోన్‌లో దగ్గరగా ఒక ఫొటో తీసుకోండి. ప్లగ్ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూయండి.

మూతి మీద ఏముంది

టార్చి వెలుగులో నాలుగు చోట్ల చూడాలి. మధ్య కడ్డీ చుట్టూ ఉన్న పింగాణీ ముక్కు, వంగి ఉన్న బయటి కడ్డీ, ఆ రెంటి మధ్య ఖాళీ, థ్రెడ్ చివర ఉన్న ఇనుప అంచు. రంగు చెప్పేటప్పుడు పింగాణీనే నమ్మండి. అంచు మీద కొంచెం నలుపు మంచి ఇంజిన్‌లోనూ ఉంటుంది.

పింగాణీ లేత గోధుమ రంగులోనో, బూడిద రంగు తిరిగిన తెలుపులోనో పొడిగా ఉంటే ప్లగ్‌లో జబ్బు లేదు. సమస్య ఇంకెక్కడో వెతకండి.

ఎక్కువగా కనిపించేది పొడి నలుపు. కాటుకలా మెత్తగా, వేలితో రాస్తే అంటుకునే మసి. ఇది పెట్రోల్ ఎక్కువై లేదా గాలి తక్కువై సరిగ్గా మండక పట్టిన కార్బన్. చోక్, ఎయిర్ ఫిల్టర్, స్లో జెట్ (తక్కువ వేగంలో పెట్రోల్ అందించే కార్బురేటర్ సన్న రంధ్రం) ట్యూనింగ్, మితిమీరిన ఐడ్లింగ్ అనుమానించాల్సినవి. ఆ మసికి కరెంట్‌ను మోసే గుణం ఉంది. స్పార్క్‌కి కావలసిన వేల వోల్టులు కడ్డీల మధ్య ఖాళీని దూకే బదులు, ఈ మసి మీదుగా పింగాణీ వెంట పాకి బయటి ఇనుములోకి జారిపోతాయి. మిస్సింగ్ కొట్టడం అంటే జరిగేది ఇదే.

తడిగా, పెట్రోల్ వాసన కొడుతూ ఉంటే, పెట్రోల్ లోపలికి వచ్చింది గానీ మండలేదు. కారణం రెండు వైపులా ఉండొచ్చు. స్పార్క్ రాక మండకపోవచ్చు, లేదా కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అయి పెట్రోల్ ముంచెత్తి ఉండొచ్చు. ఈ రెంటినీ విడదీసేది తర్వాతి పరీక్ష.

తడి ఉంది గానీ వాసన సరిగ్గా లేదనిపిస్తే ప్లగ్‌ను తెల్ల కాగితానికి అద్దండి. పెట్రోల్ మరక చూస్తుండగానే ఆరిపోతుంది. ఆయిల్ మరక పోకుండా కాగితాన్ని పారదర్శకం చేస్తుంది. నీళ్లయితే కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది, కడ్డీ మీద చిన్న చిన్న బిందువులు నిలిచి కనిపిస్తాయి. వాగు దాటించిన బండికి, ప్రెషర్ వాషర్‌తో కడిగిన బండికి నీళ్లు ఎలా వచ్చాయో ఊహించడం కష్టం కాదు. రెండూ చేయకుండా నీళ్లు కనిపిస్తే పెట్రోల్‌ను అనుమానించండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. వానాకాలం అంతా సగం ట్యాంకుతో నిలబెట్టిన బండిలో నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి కార్బురేటర్ బౌల్ (కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున చేరతాయి. బౌల్ కింది స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి వంపితే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది.

నల్లగా, జిగటగా, మెరుస్తూ ఉంటే అది ఇంజిన్ ఆయిల్. వేళ్ల మధ్య రాస్తే జారుతుంది, తొందరగా ఆరదు. ఫోర్ స్ట్రోక్‌లో ఇది కనిపిస్తే ప్లగ్ మార్చడం తాత్కాలికమే. దీని గురించి కింద వివరంగా చెబుతాను. టూ స్ట్రోక్ బండిలో ఆయిల్ పెట్రోల్‌తోపాటే మండుతుంది కాబట్టి కాస్త జిడ్డు, కాస్త ముదురు రంగు మామూలే. కారేంత జిడ్డు ఉంటే 2టీ ఆయిల్ కొలత మించిందని, లేదా ఆయిల్ పంపు కేబుల్ సెట్టింగ్ తప్పిందని అర్థం.

పింగాణీ మరీ తెల్లగా, సున్నం వేసినంత తెల్లగా ఉండి, మీద చిన్న పొక్కులు గానీ కరిగిన మెరుపు గానీ ఉంటే మసికి పూర్తి వ్యతిరేకం. పెట్రోల్ తక్కువై ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతోంది. కార్బురేటర్‌కీ హెడ్‌కీ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతుందేమో చూడండి. ఆ బండిని అలాగే నడపకండి, పిస్టన్ కాలిపోతుంది.

ఇంకా ఒకటి. పైభాగంలో, తెల్ల పింగాణీ ఇనుములోకి దిగే చోట చుట్టూ లేత గోధుమ రంగు మచ్చ ఉంటుంది. కంప్రెషన్ లీకవుతోందని చాలామంది దాన్ని చూసి కంగారు పడతారు. అది అధిక వోల్టేజి చుట్టూ గాలిలోని ఆయిల్ తుంపర్లు, దుమ్ము అంటుకోవడం వల్ల పడే మరక, దానివల్ల నష్టం లేదు. అదే చోట పైనుంచి కిందికి సన్నటి నల్లటి గీత ఉంటే మాత్రం కరెంట్ బయటి నుంచే దూకుతోంది. ప్లగ్ క్యాప్ పగిలిందో తడిసిందో చూసి, ప్లగ్, క్యాప్ రెండూ మార్చండి.

స్పార్క్ చూడటం, మీటర్ పెట్టడం

పెట్రోల్ ఆవిరి ఉన్నచోట స్పార్క్‌తో ఆడుతున్నామని గుర్తుంచుకుని చేయాల్సిన పని ఇది. తడిసిన ఇంజిన్‌లో సెల్ఫ్ కొడితే ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోల్ తుంపర బయటికి చిమ్ముతుంది. అందుకే ముందు పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ప్లగ్ లేకుండా ఇంజిన్‌ను కాసేపు తిప్పి, ఆ తడిని బయటికి పోనివ్వండి. అలా తిప్పేటప్పుడు ప్లగ్ క్యాప్‌ను గాలిలో వదిలేయకండి. క్యాప్‌లో ప్లగ్ పెట్టి, ప్లగ్ ఇనుము ఇంజిన్‌కి ఆనేలా, రంధ్రానికి దూరంగా పెట్టండి. కరెంట్‌కు దారి లేకపోతే ప్లగ్‌కి వోల్టేజి పెంచి పంపే కాయిల్, సీడీఐ దెబ్బతింటాయి. చిమ్మినది తుడిచి, ఆవిరి పోయాక రంధ్రం గుడ్డతో మూసి, అప్పుడు స్పార్క్ చూడండి.

ముందు కొత్త ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, పెయింట్ లేని ఇనుము చోట ఆనించి సెల్ఫ్ కొట్టండి. చేత్తో పట్టుకోకండి, రబ్బరు పట్టున్న ప్లయర్ వాడండి. నీడలో చూడాలి. నీలం రంగులో, టక్ టక్ మని చప్పుడు చేస్తూ దూకితే కాయిల్ నుంచి కరెంట్ బాగానే వస్తోంది. సన్నగా నారింజ రంగులో వస్తే, లేదా అసలు రాకపోతే సమస్య ప్లగ్‌కి ముందే ఉంది. క్యాప్, కాయిల్, ఎర్త్ వైరు చూసుకోండి.

తర్వాత పాత ప్లగ్‌తో అదే చేయండి. కొత్తదానికి వచ్చి పాతదానికి రాకపోతే తీర్పు తేలిపోయింది. పాతదానికి కూడా వస్తే? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బయట గాలిలో స్పార్క్ రావడం తేలిక. సిలిండర్ లోపల ఒత్తిడి కింద అదే ఖాళీని దూకడానికి చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. బయట చక్కగా కొట్టే మసి ప్లగ్ లోపల చేతులెత్తేస్తుంది. కాబట్టి బయట స్పార్క్ వచ్చింది కదా అని ప్లగ్‌కి క్లీన్ చిట్ ఇవ్వకండి.

ఆ అనుమానం తీర్చడానికే మీటర్. మల్టీమీటర్‌ను పెద్ద మెగా ఓమ్ రేంజ్‌లో పెట్టి, ఒక ముల్లు పైన క్యాప్ కూర్చునే బొడిపెకు, ఇంకోటి ఇనుప భాగానికి ఆనించండి. రెండు చేతుల వేళ్లూ ముల్లులకు తగలకూడదు, తగిలితే మీ ఒంటి రెసిస్టెన్సే చూపిస్తుంది. మంచి ప్లగ్‌కి మీటర్ ఏమీ చూపించకూడదు. కొన్ని మెగా ఓమ్‌లో, అంతకంటే తక్కువో చూపిస్తే మసి మీదుగా కరెంట్ కారుతోంది. వందల కిలో ఓమ్‌ల్లోకి దిగితే ఆ ప్లగ్‌తో బండి స్టార్ట్ అవడమే గగనం. ప్లగ్ నంబర్‌లో ఆర్ అక్షరం ఉంటే, ఉదాహరణకు సీఆర్7హెచ్‌ఎస్‌ఏ, లోపల రెసిస్టర్ ఉందని. దాని బొడిపె నుంచి మధ్య కడ్డీ కొసకు కొలిస్తే దాదాపు 5 కిలో ఓమ్‌లు చూపాలి. ఆర్ లేనిదానికి సున్నా దగ్గర చూపాలి. అక్కడ ఏమీ చూపకపోతే ప్లగ్ లోపలే తెగింది.

ఇప్పుడు కొత్త ప్లగ్ బిగించి, పదిహేను నిమిషాలు నడిపి, ముందు చెప్పినట్టే కిల్ స్విచ్‌తో ఆపి, చల్లారాక మళ్లీ విప్పి చూడండి. నన్నడిగితే మొత్తం పనిలో అసలు పరీక్ష ఇదే. ఆ కాస్త సేపటికే కొత్త ప్లగ్ నల్లబడటం మొదలైందంటే పాత ప్లగ్ నిర్దోషి.

బిగించే ముందు ఫీలర్ గేజ్‌తో ఖాళీ చూడండి. ఈ చిన్న ఇంజిన్లకు 0.6 నుంచి 0.7 మి.మీ. ఉండాలి. సర్దాల్సి వస్తే బయటి కడ్డీనే మెల్లగా వంచాలి, మధ్య కడ్డీ మీద ఒత్తిడి పెట్టకూడదు. ఇరిడియం ప్లగ్ అయితే దాని సన్నటి మొన జోలికే పోకండి. ప్లగ్‌ను వేళ్లతో తిప్పుతూ చివరిదాకా దింపండి. మొదటి చుట్టులోనే బిగుతుగా అనిపిస్తే మర తప్పింది, వెనక్కి తీసి మళ్లీ మొదలెట్టండి. వాషర్ ఆనాక కొత్త ప్లగ్‌ను పానాతో దాదాపు అర చుట్టు, ఒకసారి వాడిన ప్లగ్‌ను చుట్టులో పన్నెండో వంతు తిప్పితే చాలు. టార్క్ పానా ఉంటే 10 మి.మీ. ప్లగ్‌కి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు.

మసి మళ్లీ పడుతుంటే ఎక్కడ వెతకాలి

పొడి మసి అయితే ముందు ఎయిర్ ఫిల్టర్ తీయండి. ఈ బండ్లలో స్పాంజి ఫిల్టర్ ఉంటుంది. ఎండాకాలం ఎర్రదుమ్ములో వరసగా నాలుగు బండ్లు తిరిగితే వెనక మూడు బండ్ల స్పాంజి రెండు రోజులకే ఇటుక రంగుకు వస్తుంది. కిరోసిన్‌లోనో సబ్బు నీళ్లలోనో పిండి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ రాసి గట్టిగా పిండేయాలి. ఆయిల్ కారేలా వదిలేస్తే అదీ గాలికి అడ్డమే. ఫిల్టర్ తీసేసి నడిపితే పికప్ బాగుందని కొందరు అలాగే తిప్పుతారు. ఆ దుమ్ముకు పిస్టన్ రింగులు ఎంతో కాలం ఆగవు.

ఫిల్టర్ బాగుంటే కార్బురేటర్ పక్కన ఉండే చిన్న మిక్స్చర్ స్క్రూ. ఇది ఏ వైపు ఉందో చూసి తిప్పాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది, మసి తగ్గుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, లోపలికి తిప్పితేనే పెట్రోల్ తగ్గుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పి సమస్యను రెట్టింపు చేసుకునేవాళ్లు ఎక్కువ. ఒక్కసారికి పావు చుట్టు మించకండి. పెట్రోల్ తడి అయితే ఓవర్‌ఫ్లో పైపు చూడండి. ట్యాప్ తెరిచి ఇంజిన్ ఆపి ఉంచినా అందులోంచి చుక్కలు పడుతుంటే బౌల్ నిండగానే పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ కింద చెత్త ఇరుక్కుంది, లేదా దాని కొన అరిగింది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా నల్లబడే బండ్లు ఉంటాయి. రిసార్టుల్లో, ఇళ్లల్లో ఇవే ఎక్కువ. ప్లగ్ మూతి దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీది కార్బన్ దానంతటదే కాలిపోతుంది. స్పీడ్ లిమిటర్ బిగించి, పిల్లల్ని ఎక్కించి, నడక వేగంతో చిన్న చుట్టు తిప్పి, తర్వాతి టికెట్ వచ్చేదాకా ఐడ్లింగ్‌లో ఉంచే బండి ప్లగ్‌కి ఆ వేడి ఎప్పుడూ రాదు. షెడ్డు నుంచి కడగడానికి బయటికి, కడిగాక మళ్లీ లోపలికి, అంతే దూరానికి స్టార్ట్ చేసి ఆపేవాళ్ల బండీ అంతే. ఇంజెక్షన్ బండ్లను కూడా ఈ అలవాటు వదలదు. చల్లటి ఇంజిన్‌కి కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ పోస్తుంది, అది వేడెక్కేలోపే మీరు ఆపేస్తారు. ఆ పదడుగులకు న్యూట్రల్‌లో పెట్టి నెట్టుకోండి. స్టార్ట్ చేస్తే మాత్రం పావుగంటైనా కాస్త వేగంగా తిప్పండి.

అలా తిప్పే వీలే లేకపోతే ఒక మెట్టు వేడి ప్లగ్, అంటే మూతి ఎక్కువ వేడిగా ఉండే రకం, వేయొచ్చు. ఎన్‌జీకేలో నంబర్ తగ్గేకొద్దీ ప్లగ్ వేడిగా ఉంటుంది, అంటే సీ7 బదులు సీ6. బాష్, చాంపియన్ కంపెనీల్లో లెక్క తలకిందులు, నంబర్ పెరిగితే వేడి. ఈ పని చివరిగా చేయాలి. ఫిల్టర్, ట్యూనింగ్ సరిచేయకుండా వేడి ప్లగ్ వేస్తే జబ్బు దాక్కుంటుంది. అదే బండిని మే నెలలో పెద్దవాళ్లు లోడ్ మీద గుట్ట ఎక్కిస్తే పిస్టన్‌కి ముప్పు.

ఆయిల్ మసి అయితే ముందు డిప్‌స్టిక్ చూడండి. కబ్ నమూనా ఇంజిన్లలో స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి కొలవాలి. బిగించి కొలిచేవాళ్లకు మట్టం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది, దిద్దుకోబోయి తక్కువతో నడుపుతారు. నిజంగానే ఎక్కువ పోసి ఉంటే ఆ ఆయిల్ ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు గుండా ఎయిర్ బాక్సులోకి వచ్చి, అక్కడి నుంచి ప్లగ్ దాకా చేరుతుంది. బండి పల్టీ కొట్టినా ఇదే జరుగుతుంది. పల్టీ కొట్టిన బండిని లేపగానే సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో ఆయిల్ నిండి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. ప్లగ్ విప్పి, ముందు చెప్పిన జాగ్రత్తతోనే ఇంజిన్ తిప్పి, ఆయిల్ బయటికి పోయాక తుడిచి బిగించండి.

పల్టీ లేదు, మట్టం సరిగ్గా ఉంది, అయినా ఆయిల్ వస్తోందంటే పొగ చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వదిలి తర్వాత తగ్గితే వాల్వ్ సీల్స్ (వాల్వ్‌ల పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపే రబ్బర్లు) పోయినట్టు. థ్రాటిల్ నొక్కి ఎగువ ఎక్కేటప్పుడు విడవకుండా వస్తే రింగులు. కంప్రెషన్ గేజ్ ఉంటే ఒకసారి మామూలుగా, ఒకసారి ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి చూడండి. ఆయిల్ పోశాక అంకె బాగా పెరిగితే రింగులు అరిగినట్టే, బోర్ పనికి సిద్ధం కావాలి.

పాత ప్లగ్ శుభ్రం చేసి వాడొచ్చా?

పొడి మసి, పెట్రోల్ తడి అయితే వాడొచ్చు. కార్బురేటర్ క్లీనర్‌లోనో పెట్రోల్‌లోనో టూత్ బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, మీటర్ పెట్టి చూసి బిగించండి. ఇనుప వైరు బ్రష్ వాడకండి, దాని రవ్వలు పింగాణీకి అంటుకుని కరెంట్‌కు కొత్త దారి వేస్తాయి. ఇసుక పట్టే మిషన్ కూడా వద్దు, లోపల ఇరుక్కున్న రేణువు సిలిండర్‌లో పడుతుంది. రోడ్డు పక్క మెకానిక్‌లు ప్లగ్ మూతిని మంట మీద కాల్చి, ఎమరీ పేపర్‌తో కడ్డీ గీకి ఇస్తారు. అడవిలో ఆగిపోతే బండిని ఇంటికి చేర్చడానికి అది పనికొస్తుంది, తప్పు పట్టను. ఇల్లు చేరాక మార్చేయండి. ఆయిల్ పట్టిన ప్లగ్, పింగాణీ పగిలిన ప్లగ్, కడ్డీ అంచులు గుండ్రంగా అరిగిన ప్లగ్ శుభ్రం చేసినా లాభం లేదు. కొత్తది కొనేటప్పుడు తెలిసిన స్పేర్ పార్ట్స్ షాపులోనే తీసుకోండి, పేరున్న ప్లగ్‌లకు నకిలీలు బాగానే తిరుగుతున్నాయి.

రింగులో, వాల్వ్ సీల్సో అని తేలి బండిని మెకానిక్‌కి అప్పగించాల్సి వస్తే, పాత ప్లగ్‌ను కడక్కుండా ప్లాస్టిక్ కవర్లో వేసి, మొదట తీసిన ఫొటోతో పాటు పట్టుకెళ్లండి. ఎప్పుడు పొగ వస్తోంది, కొత్త ప్లగ్ ఎంతసేపటికి నల్లబడింది, ఆయిల్ ఎంత తగ్గింది, ఈ మూడూ చెప్పండి. హెడ్ విప్పాలా, బోర్ దాకా వెళ్లాలా అన్నది అతను అప్పుడే తేల్చగలడు.